మదర్‌బోర్డుకు జింకెందుకు?

మా ఆయనకు అద్దంకి బస్టాండు దగ్గర ఎరువులు, పురుగు మందుల షాపు ఉండేది. బోర్డు మీద అలా రాసి ఉన్నా, అందులో నిజంగా అమ్మేది లింకులు. రైతు యూరియా కోసం వస్తాడు. యూరియా ఒక్కటే ఇస్తే షాపువాడికి మిగిలేది పెద్దగా ఉండదు. అందుకని బస్తాతో పాటు ఒక జింకు సంచో, గుళికల డబ్బానో తీసుకుంటేనే యూరియా ఇస్తానంటాడు. రైతు కాసేపు తిడతాడు, షాపు ముందున్న బల్ల మీద కూర్చుని ఇంకాసేపు అలుగుతాడు, ఆఖరికి రెండూ ఎత్తుకుని పోతాడు. అడగకుండా అంటగట్టిన ఆ రెండోదాన్ని లింకు అంటారు.

మా ఆయన ఈ విద్యలో ఆరితేరినవాడు. "ఒట్టి యూరియా ఏస్తే పైరు పచ్చగా కనపడద్దిగానీ లోపలంతా డొల్లే బాబాయ్. జింకు పడకపోతే నెల తిరక్కుండా ఎర్రబడిపోద్ది" అని ఆయన గొంతు తగ్గించి చెబుతుంటే, అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళిన నాకే మా పెరట్లో మల్లెపాదుకి కాస్త జింకు వేద్దామనిపించేది. జింకు అవసరమైన నేలలు ఉన్న మాట నిజమే. ఒకసారి వేస్తే రెండు మూడు పంటల దాకా మళ్ళీ అక్కర్లేదని నేను లైబ్రరీలో వ్యవసాయం పుస్తకంలో చదివాను. ఆ ముక్క మా ఆయనకు చెబితే, "ఆ పుస్తకం రాసినాయనకి షాపు లేదుగా" అన్నాడు.

నేను ఇంటర్‌తో చదువు మానేశాను. మాన్పించారనడం నిజం. కానీ ఆ కథ ప్రతి ఇంట్లోనూ ఉండేదే కాబట్టి వదిలేస్తున్నాను. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు లోయరు, ఇంగ్లీషు లోయరు పాసయ్యాను. మిగతా చదువంతా మా ఊరి లైబ్రరీలో చదివాను. అక్కడ పొద్దున్నే మగవాళ్ళు ఒక దినపత్రికను నాలుగు ముక్కలు చేసుకుని, తలా ఒక ముక్క ముఖానికి అడ్డం పెట్టుకుని, దేశాన్ని ఎలా నడపాలో మాట్లాడుకునేవారు. వాళ్ళ మధ్యలోంచి వెళ్ళి అవతలి బీరువాలో పుస్తకం తీసుకునే ఆడమనిషిని చూస్తే ఆ కాసేపు దేశం ఆగిపోయేది. నెలనెలా వచ్చే కంప్యూటరు పత్రికను వాళ్ళెవరూ ముట్టుకునేవారు కాదు. దాని పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. మా ఊళ్ళో వాటిని మొట్టమొదట విడదీసిన వేళ్ళు నావేనని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఒక ఉగాది వెళ్ళాక, ప్రెస్సు బాబాయిగారు కబురు పెట్టారు. ఊళ్ళో పెళ్ళికార్డులు, పాంప్లెట్లు, బిల్లు పుస్తకాలు అచ్చువేసే ఆయన్ని అందరూ అలాగే పిలిచేవారు. ఆయన దగ్గర కంప్యూటరులో తెలుగు టైపు చేసే అతను ఉన్నట్టుండి హైదరాబాదు వెళ్ళిపోయాడు. పోతూ పోతూ కంప్యూటరు కూడా పట్టుకుపోయాడు, ఎందుకంటే అది అతనిదే. ప్రెస్సు బాబాయిగారికి మిగిలింది పాత లేజర్ ప్రింటరొకటి, ఎదురుగా వైశాఖ మాసం ముహూర్తాలు.

"నీకు తెలుగు టైపు వచ్చంటగా అమ్మాయ్. కంప్యూటరు నువ్వు పెట్టుకో, ప్రింటరు మీ ఇంటికి పంపిస్తా. టైపు చేసి ట్రేసింగ్ కాగితం మీద తీసిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటా. శుక్రవారం వచ్చి మిషను నడుస్తందో లేదో చూస్తా. నడిస్తే పనంతా నీకే. లేకపోతే ఒంగోలు పంపేస్తా" అన్నారాయన.

ఆ రోజు ఇంటికి నడుచుకుంటూ వచ్చాననే అనుకుంటాను, కాళ్ళు నేలకు తగిలిన గుర్తు లేదు. నాకంటూ ఒక పని. నేను చదివిన చదువుకి, అది లైబ్రరీ చదువే కావచ్చు, ఒక కూలి. పైగా ఇంట్లో కూర్చుని చేసేది కాబట్టి అత్తగారు కూడా ఏమీ అనలేదు. మా ఆయన మరీ ఉత్సాహపడ్డాడు. ఆయనకు కంప్యూటరు మీద కంటే బేరం మీద ఎక్కువ ప్రేమ. "ఒంగోల్లో వద్దు, ఆడ రేటు తెగదు. గుంటూరు పోదాం." అన్నాడు. ఆయన మందులు తెచ్చేది గుంటూరు నుంచే. గుంటూరులో ఏ వస్తువు రేటునైనా తెగ్గొట్టగలనని ఆయన నమ్మకం.

వెళ్ళేముందు నేను నా పాఠం సిద్ధం చేసుకున్నాను. మా బడ్జెట్‌కి కంపెనీ కంప్యూటరు రాదు, విడిభాగాలు కొని బిగించుకోవాలి. అలాంటప్పుడు అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది మదర్‌బోర్డు. ప్రాసెసరు, ర్యామ్, డిస్కు అన్నీ వచ్చి కూర్చునేది దాని మీదే. మిగతావి తర్వాత మార్చుకోవచ్చు, బోర్డు తప్పు కొంటే మాత్రం అన్నీ తప్పుతాయి. చవకది కొన్నా పరవాలేదు, బొమ్మ చూపించే చిప్పు, సౌండు బోర్డులోనే ఉండాలి, కొత్త రకం ర్యామ్ పట్టాలి, పాత ప్రింటరు తగిలించుకునే వెడల్పాటి పోర్టు ఉండాలి. ఇవన్నీ బస్సులో మా ఆయనకు చెప్పాను. చిలకలూరిపేట దగ్గర పత్తి లారీలు అడ్డమొచ్చి బస్సు ఆగితే ఆ సందులో రెండోసారి కూడా చెప్పాను.

ఆయన అంతా విని, "మదర్‌బోర్డు అంటున్నావు. ఫాదర్ బోర్డు ఉండదా?" అన్నాడు.

గుంటూరులో దిగేసరికి యార్డు వైపు నుంచి మిరప ఘాటు కొట్టి బస్సంతా తుమ్మింది. మా ఆయన మాత్రం తుమ్మడు. ఇరవై ఏళ్ళుగా పురుగు మందులు పీల్చిన ముక్కు అది.

కంప్యూటరు షాపు మేడ మీద ఉంది. షాపాయన మమ్మల్ని చూసి లేచి, మా ఆయనకు కుర్చీ వేసి, నాకు కూల్ డ్రింక్ తెప్పించాడు. అంటే ఇద్దరికీ ఎవరి చోటు వాళ్ళకు చూపించాడన్నమాట. నేను ఆ సీసా పక్కన పెట్టి అడిగాను.

"ఈ ప్రాసెసరుకి క్యాష్ ఎంతండీ?"

ప్రాసెసరు లోపల ఉండే చిన్న జ్ఞాపకశక్తిని పత్రికలో అలాగే రాసేవారు. అంతకు ముందు వారం రోజులుగా ఆ మాటను ఎప్పుడు వాడతానా అని ఎదురుచూస్తున్నాను.

షాపాయన మా ఆయన వైపు తిరిగి నవ్వాడు. "క్యాషేనండీ మేడమ్. కొత్తోళ్ళకి అప్పివ్వం."

మా ఆయనకు రోషం వచ్చింది. "మేం అప్పడిగామా? డబ్బు సంచిలో పెట్టుకునే వచ్చాం."

"అయ్యో అట్టా కాదు సార్. మేడమ్ గారు ఏం చదివారు?"

"ఇంటరండీ. కానీ లైబ్రరీకి పోద్ది" అన్నాడు మా ఆయన, మనిషి మంచిదే కానీ షుగరుంది అన్నట్టు.

షాపాయన అయ్యో పాపం అన్నట్టు తలూపి రెండు అట్టపెట్టెలు బయటికి తీశాడు. మొదటిది ఎర్ర బోర్డు. దాని నిండా గాళ్ళే. కార్డులు గుచ్చుకునే గాళ్ళు ఒకటి, రెండు, మూడు అలా పోతూనే ఉన్నాయి. రెండోది ఆకుపచ్చది, చిన్నది, ఎక్కువ మాట్లాడని మనిషిలా ఉంది. నేను చూడగానే కనిపెట్టాను. ఎర్రదానికి పట్టేది పోతున్న కాలపు ర్యామ్. బొమ్మ రావాలంటే వేరే కార్డు కొనాలి. ఆకుపచ్చదానిలో నాకు కావలసినవన్నీ ఉన్నాయి.

"ఎర్రది తీసుకోండి సార్" అన్నాడు షాపాయన. "బాగా మూవింగ్ ఉంది."

మా ఆయన ఎర్రదాన్ని చేత్తో ఎత్తి బరువు చూశాడు. ఆకుపచ్చదాన్ని కూడా ఎత్తి చూశాడు. "ఇదే బరువుంది. కన్నాలు కూడా ఎక్కువున్నాయి" అన్నాడు, ఎర్రది నా ముఖం ముందు పెట్టి.

నేను బోర్డును నడిపించే చిప్పుసెట్టు సంగతి మొదలుపెట్టాను. షాపాయన మా ఆయనతో, "ఆ గొడవలన్నీ మనకెందుకు సార్, పని జరగాలి అంతేగా" అన్నాడు. "అంతేగదా" అన్నాడు మా ఆయన. వాళ్ళిద్దరికీ అప్పుడే చుట్టరికం కలిసిపోయింది. "మదరు సరే, మరి ఫాదరెవరంట?" అని మా ఆయన దాచుకున్న జోకు తీస్తే, "డబ్బులిచ్చే మీరే సార్ ఫాదరు!" అని షాపాయన చెయ్యి కలిపాడు. నా చేతిలో ఆరు నెలల పత్రికల చదువుంది. దాన్ని వినే చెవి మాత్రం ఆ గదిలో ఒక్కటి కూడా లేదు.

అప్పుడు ఎర్ర బోర్డు అట్టపెట్టె మీద నా కన్ను పడింది. వంగి మా ఆయన చెవిలో అన్నాను.

"ఏవండీ, ఆ పెట్టె మీద దుమ్ము చూడండి. మీ షాపులో వెనక వరసలో ఉండే డబ్బాల్లా లేదూ?"

మా ఆయన పెట్టె మీద వేలితో గీత గీశాడు. గీత తెల్లగా పడింది. ఆయన ముఖంలో చుట్టరికం పోయి వ్యాపారం వచ్చింది. కదలని సరుకును మూవింగ్ అని చెప్పి కదిలించడం ఆయన రోజూ చేసే పని. "పచ్చది తీయండి" అన్నాడు.

అలా నాకు కావలసిన మదర్‌బోర్డు దొరికింది. చిప్పుసెట్టు గురించి ఆరు నెలలు చదివింది పనికి రాలేదు, వేలెడు దుమ్ము పనికొచ్చింది. ఆ సంగతి అప్పట్లో నాకు కాస్త బాధ కలిగించింది. ఇప్పుడు కూడా పూర్తిగా పోలేదు.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. షాపాయన తనను మోసం చేయబోయాడని తెలిసిన క్షణం నుంచి మా ఆయన కళ్ళకు ఆ బల్ల మీదున్న ప్రతిదీ లింకులాగే కనిపించింది. మౌసు కింద వేసే అట్ట తీసి పెడితే, "ఇది లింకు, తీసెయ్" అన్నాడు. దుమ్ము పడకుండా కప్పే గుడ్డ పెడితే, "మా ఇంట్లో పాత దుప్పట్లున్నాయి" అన్నాడు. ఇవి నేనూ వద్దనేదాన్నే. బిగింపు ఉచితం అని షాపాయన అంటే, "ఉచితమంటే అందులో ఇంకా పెద్ద లింకేదో ఉండుంటది. విడిగానే ఇవ్వండి, ఇంట్లో బిగించుకుంటాం" అన్నాడు. నేను అందుకూ సంతోషించాను. నా చేత్తో బిగించాలని నాకే ఉంది.

ఆఖరున షాపాయన అరచేతిలో పట్టే ఒక వస్తువు తీసి ప్రాసెసరు పక్కన పెట్టాడు. కింద దువ్వెన పళ్ళలాంటి అల్యూమినియం రేకులు, వాటి మీద చిన్న ఫ్యాను. ప్రాసెసరు వేడిని లాగేసేది అదే.

"ఇదేంది?" అన్నాడు మా ఆయన.

"హీట్‌సింకండీ."

మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట ఊగేట్టు నవ్వాడు. "ఒరేయ్ నాయనా! ఆఖరికి కంప్యూటర్లో కూడా జింకేనా!"

"జింకు కాదు సార్, సింకు..."

"ఏదైనా ఒకటేలే. తీసెయ్యండి."

"సార్, ఇది తీసేసేది కాదు. ఇది లేకపోతే ప్రాసెసరు కాలిపోద్ది."

"మా షాపులో మేమూ ఇదే మాట చెప్తాం. జింకు లేకపోతే చేను కాలిపోద్దని. ఎన్ని చేలు కాలినై?"

షాపాయన సింకును ఇంకాస్త ముందుకు జరిపాడు. ఆ మనిషి పొద్దుట్నుంచి అప్పటిదాకా చెప్పిన ఒకే ఒక్క నిజం ఆ కాలిపోద్దన్న మాటే.

నేను ఊరుకోలేకపోయాను. "ఏవండీ, అది నిజంగానే కావాలి. ప్రాసెసరు స్టవ్వులా వేడెక్కుతుంది. నేను చదివాను."

మా ఆయన నన్ను పక్కకు పిలిచి, ఎంతో దయగా చెప్పాడు. "నువ్వూరుకో. రైతు పెళ్ళాం కూడా నీమాదిరే, 'పోనీ తీసుకోరాదా, ఆయన అంతగా చెప్తంటే' అంటది. ఆ మాట కోసమే మేం కాసుక్కూర్చుంటాం. ఆమె అన్నదంటే ఇంకో రెండు డబ్బాలు అంటగట్టొచ్చు."

"పత్రికలో రాశారండీ!"

"ఆ పత్రిక ఎవరేశారు? కంప్యూటరు కంపెనీలోళ్ళేగా. మాకూ ఏస్తారు కంపెనీలోళ్ళు, రంగు రంగుల పుస్తకాలు. జింకు గురించి పేజీల మీద పేజీలు."

అబద్ధం చెప్పడం వృత్తిగా పెట్టుకున్నవాడికి నిజం చెబితే, అది తాను వాడే సరుకే కదా అని గుర్తుపట్టి పక్కన పెట్టేస్తాడు. ఈ ముక్క ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఆ మేడ మీదే నేర్చుకున్నాను. డబ్బు సంచి ఆయన చంకలో ఉంది. "కాలిపోతే వారంటీ రాదు సార్" అని షాపాయన వెనక నుంచి అన్నాడు. "చూశావా, ఇప్పుడే చేతులు దులుపుకుంటన్నాడు" అని మా ఆయన మెట్లు దిగాడు.

తిరుగు బస్సులో ఆయన పక్క సీటు అతనికీ, ముందు సీటు అతనికీ, టికెట్లు కొట్టే కండక్టరుకీ ఈ కథ చెప్పాడు. "గుంటూరోడు నాకే జింకు అంటగట్టబోయాడు! నాకు!" అందరూ మెచ్చుకున్నారు. వెనక సీటు పెద్దాయన, "అసలు నిన్నెవరు ముంచుతారయ్యా, నువ్వే మమ్మల్ని ముంచుతుంటే" అన్నాడు. ఆయన మా షాపు ఖాతాదారే. మా ఆయన దాన్ని కూడా మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

ఇంటికొచ్చి పత్రిక ముందు పెట్టుకుని మర్నాడంతా బిగించాను. మదర్‌బోర్డును డబ్బాలో కూర్చోబెట్టి మరలు తిప్పుతుంటే, అత్తగారు గుమ్మంలో నిలబడి, మిక్సీ విప్పిన మనిషిని చూసినట్టు చూశారు. అన్నీ బిగిశాయి. హీట్‌సింకు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. దాని గురించి మా ఆయనకు మరోసారి చెప్పాను. ఆయన ఆలోచించి, నడవాలో ఉన్న టేబుల్ ఫ్యాను తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టాడు. "వాడి జింకు కంటే ఇది పదింతలుంది. పొయ్యి కూడా చల్లబడద్ది" అన్నాడు.

శుక్రవారం మా ఆయన ప్రెస్సు బాబాయిగారిని పదింటికి రమ్మన్నాడు, ముహూర్తం చూసుకునే. కంప్యూటరుకు పసుపు, కుంకుమ పెట్టారు. ఎదురింటి వాళ్ళు, పక్కింటి వాళ్ళు వచ్చారు. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు డబ్బా మీద చల్లబోతుంటే నేను అడ్డం పడి ఆపాను. టేబుల్ ఫ్యాను గిర్రున తిరుగుతూ హారతి రెండుసార్లు ఆర్పేసింది. మా ఆయన కొత్త చొక్కా వేసుకుని, అందర్నీ ఒకసారి చూసి, బటన్ నొక్కాడు.

లోపల ఏదో గుర్రుమంది. మానిటరు మీద చిన్న లైటు మిణుకు మిణుకుమంది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఆయన మళ్ళీ నొక్కాడు. నల్లగానే ఉంది.

"ఏమ్మా, బొమ్మ రాలేదే" అన్నారు ప్రెస్సు బాబాయిగారు.

మా ఆయన నా వైపు తిరిగాడు. "నేను చెప్తానే ఉన్నా. పుస్తకం చూసి బిగిస్తే ఇట్టాగే ఉంటది. ఎక్కడో తప్పు బిగించావు."

"సరిగ్గానే బిగించాను" అన్నాను. "ప్రాసెసరు ఒక్కటే పెట్టలేదు. దాన్ని తీసి బీరువాలో దాచాను."

"తీసేశావా? ఎందుకు?"

"జింకు లేక."

ఎదురింటావిడ కిసుక్కున నవ్వింది. మా ఆయన కొత్త చొక్కా ఒక్కసారిగా పాతబడినట్టు కనిపించింది. "పెట్టి ఉంటే ఇప్పటికి కాలి మాడి మసయ్యేది. మీ పరువు నిలబెడదామని కాదు, ప్రాసెసరు మిగుల్చుకుందామని తీశాను" అన్నాను. అంత మంది ముందు ఆయనతో అలా మాట్లాడటం నాకు అదే మొదలు. అంత కష్టమేమీ అనిపించలేదు.

ప్రెస్సు బాబాయిగారు కొబ్బరి ముక్క నములుతూ కాసేపు కూర్చున్నారు. "అమ్మాయ్, నా దగ్గర అప్పుడే కార్డులొచ్చి పడినయ్. ఆడపెళ్ళివారు ఊరుకోరు. రేపు సాయంత్రం లోపల నడిపి చూపించు. లేకపోతే ఒంగోలు పోతాయి" అని, ఒక కార్డుకి రాసిన కాగితం బల్ల మీద పెట్టి లేచారు. ఆ మాట కూడా నాతో మొదలుపెట్టి మా ఆయన వైపు చూస్తూ ముగించారు.

మర్నాడు పొద్దున నేను ఒక్కదాన్నే ఒంగోలు బస్సెక్కాను. నిన్నటి దెబ్బకి మా ఆయన వద్దనలేదు, వస్తాననీ అనలేదు. ప్రాసెసరును అది వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టి, చేతిసంచిలో అద్దం పక్కన సర్దుకున్నాను. దీనికి సరిపడే సింకు ఇవ్వండి అంటే ఒంగోలు షాపతను ఒక్క ప్రశ్న కూడా వేయకుండా తీసిచ్చాడు. అంత చిన్న బేరం. దానితోపాటు వేలెడంత గొట్టంలో తెల్లటి పేస్టు కూడా పెట్టాడు.

"ఇదేంటండీ?" అన్నాను. నాలోనూ మా ఆయన కాస్త చేరినట్టున్నాడు.

"ప్రాసెసరు మీద కొంచెం రాసి, ఆ పైన సింకు పెట్టాలండీ. రెండిటికీ మధ్యలో సందు లేకుండా."

ఆ సంగతి నేను చదివిందే, మరిచిపోయాను. తిరుగు బస్సులో చేతికి ఏ అక్షరం దొరికినా చదివే అలవాటు కొద్దీ గొట్టం మీది సన్న అక్షరాలు చదివాను. అందులో ఏమేం కలిపారో రాసి ఉంది. మొదటి మాట సిలికోను. రెండో మాట జింక్ ఆక్సైడు.

బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే పక్కావిడ నాకు కాస్త దూరం జరిగింది. మదర్‌బోర్డుకు నిజంగానే జింకు కావాలి. మా ఆయన అన్ని విధాలా తప్పు, ఆ ఒక్క మాటలో తప్ప. ఆ మాట కూడా వెక్కిరింతకే అన్నాడు. ఇంటికి రాగానే ఆ గొట్టం మీది కాగితాన్ని గోటితో గీకేశాను. ఆ అక్షరాలు ఆయన కంటబడితే నేను ఈ జన్మలో మళ్ళీ ఏ వాదనా గెలవలేను.

పేస్టు రాసి, సింకు బిగించి, ఫ్యాను తీగ తగిలించి బటన్ నొక్కాను. తెర మీద అక్షరాలు బారులు బారులుగా దిగాయి. ఈసారి హారతి లేదు, ఎదురింటి వాళ్ళు లేరు. అత్తగారు ఒక్కరే చూసి, "వచ్చిందిగా. ఇంక ఆ టేబుల్ ఫ్యాను నడవాలో పెట్టెయ్, ఉడికిపోతన్నాం" అన్నారు.

మా ఆయన ఓడిపోయాడని అనుకుంటే పొరపాటు. ఆ తొలకరికి షాపులో ఆయన నోటి నుంచి నేనే విన్నాను. "ఎందుకు బాబాయ్, మా ఇంట్లో కంప్యూటరే జింకు లేకపోతే స్టార్టు కాలా. ఊరంతా చూశారు. మిషనుకే కావాల్సొచ్చిందంటే నీ చేనెంత?" ఆ ఏడాది జింకు ఎప్పుడూ లేనంతగా పోయింది. కావాలంటే మా ఇంటికొచ్చి అడగమని కూడా చెప్పేవాడు. ఇద్దరు వచ్చి అడిగారు కూడా. నేను అబద్ధం చెప్పలేక, నిజం చెప్పలేక, మజ్జిగ ఇచ్చి పంపాను.

కంప్యూటరు నడిచిన ఆ శనివారం మధ్యాహ్నమే, గుంటూరు షాపాయన ఇచ్చిన సీడీలోంచి తెలుగు అక్షరాలు ఎక్కించి, బాబాయిగారు ఇచ్చిపోయిన కార్డు టైపు చేశాను. శుభలేఖలో ఇంటిపేర్లు, గోత్రాలు, పొల్లులు, వత్తులు అన్నీ రెండుసార్లు సరిచూసుకుని, ఆయన పంపిన ప్రింటరులో ట్రేసింగ్ కాగితం మీద తీసి, నలగకుండా చుట్ట చుట్టుకుని ప్రెస్సుకి వెళ్ళాను. అక్కడ బల్ల మీద ఆడపెళ్ళివారు కూర్చుని ఉన్నారు, అమ్మాయి తండ్రీ మేనమామా. ప్రెస్సు బాబాయిగారు కళ్ళజోడు పైకి తోసుకుని కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివారు. తప్పు దొరుకుతుందేమోనని వెతకగలిగినంతసేపు వెతికారు.

"ఊఁ. బానే ఉంది" అన్నారు. "ఇదిగో, ఇంకో నాలుగున్నాయి, పట్టుకెళ్ళు. సాయంత్రం మీ ఆయన్ని ఓసారి రమ్మను. రేటు సంగతీ అదీ మాట్లాడుకుంటాం."

"నాతో మాట్లాడండి బాబాయిగారూ."

"నీతో ఏం మాట్లాడతానమ్మా? కంప్యూటరు కొన్నది ఆయన."

"ఆయన కొన్నది నడవలేదు, మీరే చూశారుగా. నడిచేది నాది."

ఆయన నవ్వి, కాగితాన్ని సొరుగులో పెట్టబోయారు. నేను బల్ల మీద చెయ్యి చాపి ఆ కాగితాన్ని అందుకుని మళ్ళీ చుట్ట చుట్టడం మొదలుపెట్టాను. నెమ్మదిగానే చుట్టాను.

"ఏంటండీ, కార్డు బానే ఉందన్నారుగా?" అన్నాడు అమ్మాయి తండ్రి లేచి నిలబడుతూ.

ప్రెస్సు బాబాయిగారు ఆయన్ని చూశారు, నా చేతిలో చుట్టను చూశారు. పక్కనున్న కుర్చీ మీంచి కాగితాల కట్ట తీసి కింద పెట్టారు.

"కూర్చో అమ్మాయ్. కార్డుకి ఎంతనుకుంటున్నావు?"

ఎంతో నేను ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. కూర్చున్నాక దానికంటే కాస్త ఎక్కువ చెప్పాను.